పాత బజారులో రాయితీ ఎవరి జేబులోకి?

అందరికీ నమస్కారం. ఊరి నడిబొడ్డున ఉండే చారిత్రక వ్యాపార వీధుల గురించి మాట్లాడమంటే మామూలుగా కమానులతోనో, చెక్కడాలతోనో మొదలుపెడతారు. నేను లీజు కాగితంతో మొదలుపెడతాను. చిన్న వ్యాపారి కోసమని ఇచ్చే డబ్బు చివరికి ఎవరికి చేరుతుందో తేల్చేది ఆ కాగితమే.

అమెరికా సంగతే తీసుకోండి. పాత భవనాలు బాగుచేసేవారికి అక్కడ 1976 చట్టంతో పన్ను ప్రోత్సాహకాలు మొదలయ్యాయి. గుర్తింపు ఉన్న చారిత్రక భవనాన్ని అద్దెకో వ్యాపారానికో పనికొచ్చేలా బాగుచేస్తే, అర్హమైన ఖర్చులో 20 శాతం ఇప్పుడు ఐదేళ్లలో ఫెడరల్ పన్ను నుంచి తగ్గుతుంది. మంచి పథకం, కాదనను. కానీ ఆ షరతు చూడండి: సాధారణంగా 24 నెలల్లో పెట్టే ఖర్చు, పన్ను లెక్కల్లో ఆ కట్టడానికి మిగిలిన విలువను మించాలి. అంత డబ్బు దించగలిగేది ఓనరే. కింద చిన్న గదిలో గడియారాలు బాగుచేసుకునే మనిషికి నేరుగా దక్కేదేమీ ఉండదు. పైగా భవనం కళకళలాడటం మొదలయ్యాక అద్దె పెరుగుతుంది. ప్రజల సొమ్ముతో బాగుపడిన మేడలోంచి ఆయనే సామాను సర్దుకోవాలి!

షాపుల ముందుభాగం బాగుచేసుకోమని ఇచ్చే గ్రాంట్లదీ ఇదే తంతు. ‘ముందు మీరు పెట్టండి, బిల్లులు తెండి, కొంత వెనక్కిస్తాం’ అనేదే ఎక్కువచోట్ల పద్ధతి. వచ్చే నెల అద్దెకే తడుముకునేవాడు వడ్రంగికి ఎక్కడ తెచ్చి ఇస్తాడు? అప్పు చేస్తాడు. ఫైలు కదిలేలోపు వడ్డీ కదులుతుంది. ఆ డబ్బేదో పని జరిగే కొద్దీ పనివాళ్లకే నేరుగా కట్టేస్తే ఈ టెన్షన్ ఉండదు.

ఇక స్థలం విషయం. పాత షాపులు చాలావరకు వెడల్పు తక్కువ, లోపలికి పొడుగు ఎక్కువ. వెలుతురు వెనకదాకా పారాలని తలుపు పైన ఇంకో వరుస అద్దాలు పెట్టేవారు. తర్వాత ఎవరో ఫాల్స్ సీలింగ్ కొట్టి వాటిని మూసేస్తారు, పట్టపగలు ట్యూబులైట్లు వేసుకుంటారు. అది సులభంగా సరిచేయొచ్చు. అసలు చిక్కు పై అంతస్తులది. పైకి ఒకటే ఇరుకు మెట్లదారి, ఫైర్ రూల్సేమో రెండో దారి అడుగుతాయి. దాంతో పైన తాళం పడుతుంది, భవనం ఖర్చంతా కింది షాపు అద్దె మీద పడుతుంది. అందుకే రంగులకిచ్చే గ్రాంటు కన్నా మెట్లకీ, నిప్పంటుకుంటే నీళ్లు చల్లే స్ప్రింక్లర్లకీ ఇచ్చే గ్రాంటు చిన్న షాపుకి ఎక్కువ మేలు చేస్తుందంటాను. కాకపోతే మెట్ల ముందు రిబ్బన్ కత్తిరిస్తే ఫొటో బాగా రాదు.

నాకు నచ్చిన నమూనా శాన్‌ఫ్రాన్సిస్కోది. షాపుల అద్దెలకు నగరాలు పరిమితి పెట్టకుండా కాలిఫోర్నియా 1987లోనే చట్టం చేసింది. శాసించే వీల్లేదు కాబట్టి బేరానికి దిగారు. 2015లో ఓటర్లు ఆమోదించిన నిధి నుంచి, దశాబ్దాలుగా నడుస్తున్న గుర్తింపు పొందిన వ్యాపారాలకే కాదు, వాటికి కనీసం పదేళ్ల లీజు రాసిచ్చిన ఓనర్లకూ గ్రాంటు పెట్టారు. మొదట్లో అది చదరపు అడుగుకు 4.50 డాలర్ల దాకా ఉండేది. డబ్బు కావాలా, లీజు రాయి. అంతే. 2020లో ఇంకో అడుగు వేసి, కొన్ని వ్యాపార వీధుల్లో ఏడాదిలో 182 రోజులు మించి ఖాళీగా ఉంచిన షాపులపై పన్ను ఆమోదించారు. వీధివైపు ముఖం ఎన్ని అడుగులుంటే అంత పన్ను, మొదటి ఏడాది అడుగుకు 250 డాలర్లు, ఆ తర్వాత పెంపు. రేపెప్పుడో పెద్ద అద్దె వస్తుందని షట్టర్ దించి కూర్చోవడం ఖరీదైన పనే అయింది.

ఇవన్నీ కనిపెట్టుకుని ఉండేదెవరు? 1977లో గేల్స్‌బర్గ్, మాడిసన్, హాట్ స్ప్రింగ్స్ అనే మూడు అమెరికా పట్టణాల్లో, పాత వ్యాపార వీధులను నిలబెట్టే మెయిన్ స్ట్రీట్ ప్రయోగం మొదలైనప్పుడు, వీధి కోసమే ఒక మేనేజరును జీతమిచ్చి పెట్టారు. అలాంటి మనిషి దగ్గర ముందుగా ఉండాల్సింది ఏ షాపు లీజు ఏ నెలలో ముగుస్తుందో చెప్పే పట్టిక. ఆరు నెలల ముందే ఓనరునీ వ్యాపారినీ ఒకచోట కూర్చోబెడితే రాయితీ చూపించి ఒప్పించే అవకాశం ఉంటుంది. ఖాళీ చేయమని నోటీసు వచ్చాక వెళితే, అప్పటికే ఇంకొకరు అడ్వాన్స్ ఇచ్చేసి ఉంటారు.