చెట్టు బరువు ఎక్కడిది?

శ్రోతలందరికీ నమస్కారం. ఒక పెద్ద చెట్టు దుంగను ఊహించుకోండి. నలుగురు పట్టినా కదలదు. అంత బరువు దానికి ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎవరినడిగినా “ఇంకెక్కడిది, మట్టిలోంచే” అంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

యాన్ వాన్ హెల్మాంట్ అనే పాతకాలపు శాస్త్రవేత్త ఈ సంగతేమిటో తూకం వేసి తేల్చుకుందామనుకున్నాడు. ఎండబెట్టిన మట్టి 90 కిలోల దాకా తూచి కుండీలో పోశాడు. రెండు కిలోల పైచిలుకు విల్లో మొక్క నాటాడు. అయిదేళ్లపాటు నీళ్లు తప్ప మరేమీ పోయలేదు. చివరికి చెట్టును పెకలించి తూస్తే దాదాపు 77 కిలోలుంది. మట్టిని మళ్లీ ఎండబెట్టి తూస్తే తగ్గింది 60 గ్రాములు కూడా లేదు! అయితే చెట్టంతా నీళ్లలోంచే వచ్చిందన్నాడాయన. ఆయన పోయాక, 1648లో ఈ లెక్క అచ్చయింది. తమాషా ఏమిటంటే, ‘గ్యాస్’ అనే మాట పుట్టించింది ఈయనే. బొగ్గు కాలితే వచ్చే గ్యాస్ గురించి రాసిందీ ఈయనే. తన చెట్టు ఆ గ్యాస్‌నే తింటోందని మాత్రం ఆయనకు తట్టలేదు.

ఆ గ్యాస్ కార్బన్ డయాక్సైడ్. గాలిని పదివేల వంతులు చేస్తే అందులో ఇది సుమారు నాలుగు వంతులు, అంతే. దాన్ని పట్టుకోవడానికి ఆకుకు కంటికి కనిపించనంత చిన్న రంధ్రాలుంటాయి, చాలా మొక్కల్లో ఆకు అడుగువైపే ఎక్కువ. వీటినే పత్రరంధ్రాలంటారు. తెరిస్తే గాలి వస్తుంది, కానీ లోపలి తడి బయటికి పోతుంది. మూస్తే తడి నిలుస్తుంది, తిండి ఆగుతుంది. ఎండ ముదిరి నీరు చాలని రోజున ఆకుకు ఇదే పెద్ద టెన్షన్.

ఇక ఎండ చేసే పని. ఒక గాజు గ్లాసు నీళ్లలో చిటికెడు వంటసోడా కలిపి, నీటిలో పెరిగే హైడ్రిల్లా కొమ్మను కోసిన కొన పైకి ఉండేలా ముంచి ఎండలో పెట్టండి. కాసేపటికి ఆ కొననుంచి బుడగలు ఒకదాని వెనక ఒకటి పైకి లేస్తాయి. గ్లాసును నీడలోకి జరిపితే బుడగలు నెమ్మదిస్తాయి. మళ్లీ ఎండలో పెడితే జోరందుకుంటాయి. ఆ బుడగల్లో ఉన్నది ఆక్సిజన్. కార్బన్ డయాక్సైడ్‌ను విడగొడితేనే అది వస్తుందని చాలాకాలం నమ్మారు. 1941లో శామ్యూల్ రూబెన్, మార్టిన్ కామెన్ బృందం మామూలు దానికన్నా కాస్త బరువైన ఆక్సిజన్ రకాన్ని గుర్తుగా వాడి చూస్తే, అది నీటిలోంచి వస్తోందని తేలింది. ఆకులోని పత్రహరితం ఎక్కువగా ఎరుపు, నీలం వెలుగుల్ని మింగుతుంది, పచ్చ వెలుగును అంతగా పట్టించుకోదు. అందుకే ఆకు మనకు పచ్చగా కనిపిస్తుంది. అలా మింగిన శక్తితో నీటి అణువులు విడిపోతాయి. మొక్కకు కావలసింది వాటిలోని హైడ్రోజన్, ఎలక్ట్రాన్లు. ఆక్సిజన్‌లో చాలావరకు దానికి అక్కర్లేని మిగులు. మనం పీల్చేది ఆ మిగులునే.

తర్వాతి మెట్టు, కార్బన్‌ను చక్కెరగా మార్చడం. పుస్తకాల్లో దీన్ని నిష్కాంతి చర్య అంటారు. ఆ పేరు చూసి ఇదంతా రాత్రిపూట జరుగుతుందని నేను పొరబడ్డాను. నిజానికి చాలా మొక్కల్లో ఇదీ పగలే సాగుతుంది, ఎందుకంటే దీనికి కావలసిన శక్తి ఎండ పట్టిన మొదటి మెట్టు నుంచే అందాలి. మెల్విన్ కాల్విన్ బృందం రేడియోధార్మిక కార్బన్‌ను వెంబడించి ఈ దారిని గీసింది. 1961లో కాల్విన్‌కు నోబెల్ వచ్చింది. ఇక్కడ కార్బన్‌ను పట్టే ఎంజైము రుబిస్కో. నన్నడిగితే అంత మందకొడి పనివాడు మరొకడు లేడు. సెకనుకు పట్టేది ఏ మూడో, పదో అణువులు. మధ్యలో పొరపాటున ఆక్సిజన్‌నూ పట్టేస్తుంటుంది. అందుకేనేమో, ఆకు దాన్ని కుప్పలుతెప్పలుగా తయారుచేసుకుంటుంది.

అలా తయారైన చక్కెరలో కొంత పిండిపదార్థంగా నిల్వ ఉంటుంది, కొంత సెల్యులోజ్ అనే నారగా మారి కొమ్మ, బెరడు, దుంగ అవుతుంది. ఆ దుంగను పొయ్యిలో పెడితే లెక్కంతా వెనక్కి నడుస్తుంది. కార్బన్ మళ్లీ గాలిలో కలుస్తుంది, నీరు ఆవిరై పోతుంది, ఎప్పుడో పట్టుకున్న ఎండ మంటై వేడినిస్తుంది. చివరికి పొయ్యిలో గుప్పెడు బూడిద మిగులుతుంది. మట్టి ఇచ్చింది అదీ.