చివరి బల్ల తీసేయకండి

మన పరుగు క్లబ్బు సభకు నమస్కారం. అధ్యక్షులవారికి, కార్యదర్శిగారికి, ఇంటికి కారు పంపి మరీ నన్ను తీసుకొచ్చిన కమిటీ సభ్యులకు, రోజూ తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద కనపడి "మాస్టారూ, గుడ్ మార్నింగ్" అని పలకరించే మీ అందరికీ పేరుపేరునా నమస్కారం. శాలువా కప్పారు, చాలా సంతోషం. హైస్కూల్లో నా దగ్గర కబడ్డీ ఆడిన పిల్లలు ముగ్గురు వెనక వరసలో కూర్చున్నారు. వాళ్లకీ నలభై దాటాయి. ముందుకు రండి నాయనా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. రారా? సరే, అక్కడే కూర్చోండి.

వయసు పెరిగేకొద్దీ దూరపు పరుగు ఏమవుతుందో ఇరవై నిమిషాలు చెప్పమన్నారు. ముప్పై ఒక్క ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా చేశాను. మారథాన్లు, అంటే 42 కిలోమీటర్ల పైచిలుకు పరుగులు, మొదలుపెట్టింది యాభై దాటాక. ఇప్పుడు 68. కాగితం మీద మూడు మాటలు రాసుకొచ్చాను: గుండె, కండ, నీళ్లు.

ముందు గుండె. ఎంత గట్టిగా పరిగెత్తినా గుండె ఒక హద్దు దాటి కొట్టుకోలేదు. ఆ హద్దు పదేళ్లకోసారి నిమిషానికి సుమారు ఏడు దెబ్బల చొప్పున దిగుతూ వస్తుంది. దాన్ని ఏ సాధనా ఆపలేదు. కొట్టుకోవడం తగ్గితే కండలకు చేరే రక్తం తగ్గుతుంది, దాంతో పాటు ఆక్సిజనూ తగ్గుతుంది. ఒళ్లు నిమిషానికి ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో చెప్పే లెక్కే వీఓటూ మ్యాక్స్. మీలో చాలామంది చేతి వాచీల్లో చూసుకుంటూనే ఉంటారు. ముప్పై దాటాక కదలకుండా కూర్చునేవాళ్లలో అది పదేళ్లకు పది శాతం దాకా పడిపోతుంది. గట్టి సాధన వదలనివాళ్లలో ఆ తరుగు దాదాపు సగమే. మళ్లీ చెబుతున్నాను, సగమే. మనం వయసు ఖాతాలో రాసేస్తున్న దాంట్లో సగం దాకా, మనం మానేసినందువల్ల పోయింది.

దీనికి సాక్ష్యంగా కెనడాలోని మిల్టన్ ఊరి ఎడ్ విట్‌లాక్‌ని చెబుతాను. 1931లో పుట్టాడు. ఇంటి దగ్గరున్న శ్మశానవాటికలో, సమాధుల మధ్య బాటలో, గంటల తరబడి చుట్లు తిరిగేవాడు. కోచ్ లేడు, హంగూ లేదు. 2003లో మూడు గంటల లోపు మారథాన్ పూర్తి చేశాడు. డెబ్బై దాటిన మనిషి ఆ పని చేయడం అదే మొదటిసారి. మరుసటేడు 73 ఏళ్ల వయసులో 2 గంటల 54 నిమిషాల 48 సెకన్లు. ఈ హాల్లో పాతికేళ్ల కుర్రాళ్లున్నారు కదా, ఆ టైమింగ్ మీలో ఎందరికి ఉంది? మరి ఆయన్నీ వయసు వదిలిపెట్టలేదు. 2016లో 85 ఏళ్ల వయసులో పరిగెత్తితే 3 గంటల 56 నిమిషాల 34 సెకన్లు పట్టింది. పన్నెండేళ్లలో గంటకు పైగా పెరిగింది. ఎంత సాధన చేసినా డెబ్బై అయిదు దాటాక పల్లం నిటారుగా ఉంటుంది. ఆ మాట దాచి మీకు ఉత్సాహం ఎక్కించడం నాకిష్టం లేదు.

కండ గురించి ఇసకలో చూపిస్తే తెలుస్తుంది. ఒకరోజు ఆర్కే బీచ్‌లో అల వెనక్కెళ్లిన తడి ఇసక మీద నేను, నా పాత విద్యార్థి పక్కపక్కన పరిగెత్తాం. తర్వాత లాంగ్ జంప్ టేపు పెట్టి కొలిచాను. నా అడుగుకీ అడుగుకీ మధ్య దూరం వాడికన్నా జానెడు తక్కువ. అడుగులు మాత్రం ఇద్దరివీ ఇంచుమించు అన్నే పడ్డాయి. వాడి ముద్రలో బొటనవేలి దగ్గర ఇసక లోతుగా తవ్వుకుపోయింది. నాది చదునుగా, అచ్చు వేసినట్టుంది. వయసు మీదపడ్డవాళ్లు నెమ్మదించేది ఎక్కువగా అక్కడే. పిక్కలో బలం తగ్గి పాదం నేలను వెనక్కి గట్టిగా తన్నలేకపోతుంది. అందుకే మెట్ల అంచున నిలబడి మడమలు ఎత్తి దించండి. వారానికి రెండు రోజులైనా బరువులు ఎత్తండి. అమ్మా, మీక్కూడా చెబుతున్నాను, ఆడవాళ్లకి బరువులెందుకు అనుకోకండి. జపాన్‌లో మారికో యుగెటా అరవై దాటాక మూడు గంటల లోపు మారథాన్ పరిగెత్తింది. ఆ వయసులో ఆ పని చేసిన మొదటి మహిళ ఆవిడే.

కండ మీద ఇంకా రెండు పేజీలున్నాయి. వదిలేస్తున్నాను. ఈ మూడో మాట చెప్పడానికే అసలు నేను ఇక్కడికి రావడానికి ఒప్పుకున్నాను.

ఆరేళ్ల కిందటి సంగతి. ఏ ఊరో, ఎవరు పెట్టిన పరుగో చెప్పను. ఫుల్ మారథాన్. నాతో పాటు రైల్వేలో గార్డుగా రిటైరైన నా స్నేహితుడు. నాకంటే ఏడేళ్లు పెద్ద, అన్నగారూ అనేవాణ్ణి. కటాఫ్, అంటే పరుగు ముగించాల్సిన గడువు, ఏడు గంటలని ఛాతీకి తగిలించుకునే నంబరు బిబ్‌తో పాటు ఇచ్చిన కాగితంలో అచ్చేశారు. మేం 34వ కిలోమీటరు చేరేసరికి ఐదుంపావు గంటలైంది. ఇంకా బోలెడు టైముంది. ఎండ మాత్రం నెత్తి మీదికొచ్చింది.

నీళ్ల బల్లను మడిచి ఆటో ట్రాలీలోకి ఎక్కిస్తున్నారు. నీలం డ్రమ్ము బోర్లించి ఉంది. రోడ్డంతా తొక్కేసిన కాగితం గ్లాసులు. ఒక కుర్రాడు బల్ల మీది గుడ్డ దులుపుతూ, "అయిపోయింది అంకుల్, వ్యాన్ ఎక్కేయండి" అన్నాడు. వాణ్ణి నేనేమీ అనను. అర్ధరాత్రి లేచి వచ్చిన పిల్లాడు. ఎవరో సర్దేయమన్నారు, సర్దేశాడు.

అన్నగారు నా భుజం తట్టి, "పర్వాలేదు మాస్టారూ, నాకు దాహంగా లేదు, పదండి" అన్నారు.

దాహంగా లేదు. ఈ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. వయసు మళ్లినవాళ్లకి ఒంట్లో నీరు తగ్గినా దాహం త్వరగా తెలియదు. మూత్రపిండాలు నీటిని మునుపటంత పట్టి ఉంచలేవు. చెమట తక్కువ పట్టి ఒంట్లో వేడి బయటికి పోదు. కుర్రాడికి దాహం వేస్తుంది, అడుగుతాడు. పెద్దాయనకి వేయదు, అడగడు. అలాంటి మనిషి వచ్చే వేళకి, ఆ ఎండలో, మనం తీసేసేది నీళ్ల బల్లనే!

రెండు కిలోమీటర్ల తర్వాత అన్నగారు మాట్లాడటం మానేశారు. ముంజేయి పట్టుకుంటే కాలిపోతోంది, పొడిగా ఉంది. టోపీ అంచున తెల్లగా ఉప్పు చార. కల్వర్టు గోడ మీద కూలబడ్డారు. ఎదురుగా ఇడ్లీ బండి నడిపే ఒకావిడ బిందె ఎత్తుకొచ్చి చెంబుతో నెత్తిన పోసింది. ఉప్పు కలిపిన మజ్జిగ గుక్కగుక్కగా పట్టించింది. డబ్బులిస్తే తీసుకోలేదు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం, సాయంత్రానికి తేరుకున్నారు. మర్నాడు కొడుకొచ్చి బూట్లు ఎవరికో ఇచ్చేశాడు. "ఈ వయసులో ఎందుకు నాన్నా" అన్నాడు. అన్నగారు మళ్లీ పరిగెత్తలేదు. పొద్దున్నే నాకు ఫోన్ చేసి, "ఇవాళ ఎంత దూరం వెళ్లారు మాస్టారూ, సముద్రం ఎలా ఉంది" అని అడిగేవారు. పోయిన మాఘంలో వెళ్లిపోయారు. అందరూ "వయసు, మాస్టారూ" అంటారు. 34వ కిలోమీటరు దగ్గర నీళ్లుండి ఉంటే ఇంకో అయిదేళ్లు ఆ బూట్లు ఆయన కాళ్లకే ఉండేవని నా నమ్మకం.

చివరివాళ్లు రాకముందే సర్దేయడం మన దేశంలోనే జరుగుతుందనుకోకండి. జలంధర్ దగ్గర బియాస్ పిండ్ గ్రామంలో పుట్టిన ఫౌజా సింగ్ 2011లో టొరంటోలో నూరేళ్ల వయసులో మారథాన్ పూర్తి చేశారు. ఎనిమిది గంటలు దాటింది. ఆ ముసలాయన చివరి కొన్ని వందల గజాలు వస్తుంటే, ముగింపు దగ్గర బారికేడ్లు విప్పేస్తున్నారని పేపర్లలో వచ్చింది. జనన ధ్రువపత్రం లేదని గిన్నిస్ వాళ్లు ఆ రికార్డు నమోదు చేయలేదు. 1911లో పల్లెటూళ్లో పుట్టినవాడికి ఆ కాగితం ఎక్కడ నుంచి వస్తుందండీ? నా పుట్టిన తేదీ కూడా బళ్లో వేసిందే, జూలై 1. ఇక్కడ జూలై 1 వాళ్లు ఎంతమంది? చూశారా, ఎన్ని చేతులో! 2025 జూలైలో ఫౌజా సింగ్ తన ఊరి దగ్గర రోడ్డు దాటుతుంటే కారు గుద్ది చనిపోయారు. 114 ఏళ్లు.

టైమైందని చీటీ పంపారు. ముగిస్తాను. వచ్చే నెల మన క్లబ్బు పది కిలోమీటర్ల పరుగు పెడుతోంది. కార్యదర్శిగారూ, ఈ మాట మినిట్స్‌లో రాయించండి: చివరి మనిషి దాటేదాకా చివరి బల్ల కదలదు. దాని మీద నీళ్ల డ్రమ్ము, ఉప్పు మజ్జిగ, అరటిపళ్లు, రెండు తడి తువ్వాళ్లు. దాహం వేస్తోందా అని ఎవర్నీ అడగొద్దు, గ్లాసు చేతిలో పెట్టండి. అక్కడ నేను నిలబడతాను. ఇంకో నలుగురు కావాలి. వెనక వరస, ముగ్గురూ చేతులెత్తారా? సరే, పేర్లు రాసుకోండి. ఇంకొకరు?