మాసిన చొక్కాతోనే దేవుడి ముందు

అందరికీ నమస్కారం. 2024 సెప్టెంబరులో 88 ఏళ్ల వయసులో కన్నుమూసిన, అమెరికా జానపద బాణీ ‘కంట్రీ’ సంగీతంలో గాయకుడు, పాటల రచయిత క్రిస్ క్రిస్టాఫర్సన్ గురించి మాట్లాడమన్నారు. ఆయన పాటలన్నీ ఏకరువు పెట్టను. భక్తి, ధిక్కారం ఒకే మనిషిలో ఎలా కాపురం చేశాయో చెప్పాలని ఉంది.

తండ్రి అమెరికా వైమానిక దళంలో మేజర్ జనరల్. కొడుకు ఆక్స్‌ఫర్డ్‌లో సాహిత్యం చదివి, సైన్యంలో హెలికాప్టర్ నడిపి కెప్టెన్ అయ్యారు. వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో ఇంగ్లిష్ చెప్పే ఉద్యోగం చేతికొస్తే, కాదని 1965లో పాటలు రాయడానికి కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ వెళ్లిపోయారు. అక్కడ కొలంబియా రికార్డింగ్ స్టూడియోలో నేల ఊడ్చారు, యాష్‌ట్రేలు ఖాళీ చేశారు. ఇంట్లోవాళ్లు దూరం పెట్టేశారు. ఇంజనీరింగ్ సీటు వదిలేసి పాటలు రాసుకుంటానంటే మన ఇళ్లలో ఎంత గొడవవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

ఆ రోజుల్లో రాసిందే ‘సండే మార్నింగ్ కమింగ్ డౌన్’. ఒకడు ఆదివారం పొద్దున తల పగిలిపోతుండగా లేస్తాడు. టిఫిన్‌కు బదులు బీరు తాగుతాడు. మాసిన చొక్కాల్లోనే కాస్త శుభ్రంగా ఉన్నది వెతికి తొడుక్కుంటాడు. పాటలు రాయాలనుకునేవాళ్లు ఆ చొక్కా దగ్గర ఒక్క నిమిషం ఆగండి. అక్కడ బాధ అన్న మాటే లేదు, బతుకంతా ఉంది. వీధిలోకొస్తే ఎవరింట్లోనో చికెన్ వేగుతున్న వాసన. సండే స్కూల్ పక్కన నిలబడి లోపలి పాటలు వింటాడు. వాడు ప్రభువును పిలిచేది కూడా, మత్తులో ఉంటే బాగుండునని చెప్పుకోవడానికే. 1970లో పేరున్న కంట్రీ గాయకుడు జానీ క్యాష్ తన టీవీ షోలో దీన్ని పాడబోతే ఆ మాట మార్చమని ఛానెల్‌వాళ్లు పట్టుబట్టారు. క్యాష్ ఉన్నదున్నట్టే పాడారు. నా దృష్టిలో అది భక్తి పాటే. దేవుడి దగ్గర ఏమీ దాచనివాడి పాట.

తర్వాత నాష్‌విల్‌లో ఒక చర్చిలో, దారి తప్పామని అనిపిస్తున్నవాళ్లున్నారా అని పాస్టర్ అడిగితే ఆయన చెయ్యి లేచింది. మోకరిల్లి ఏడ్చారు. ‘వై మీ’ అలా పుట్టింది. ఇంత మేలు పొందడానికి నేనేం చేశాను స్వామీ అన్న ఆ పాట 1973లో కంట్రీ చార్టులో మొదటి స్థానానికి చేరింది.

మోకరిల్లినవాడు ఇక చెప్పినట్టు వింటాడనుకుంటాం. ఆయన వినలేదు. మధ్య అమెరికా దేశాల్లో తన ప్రభుత్వం వెనకుండి నడిపించిన యుద్ధాలను పాటల్లోనే తప్పుబట్టారు.

1992 అక్టోబరులో ఐరిష్ గాయని షినేడ్ ఓకానర్ చర్చిలో పిల్లలపై అత్యాచారాలకు నిరసనగా టీవీలో పోప్ ఫొటో చింపేశారు. రెండు వారాలైనా కాకముందే ఆమె న్యూయార్క్‌లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్ వేదిక ఎక్కితే జనం గోల చేశారు. ఆమెను కిందికి దింపమని నిర్వాహకులు అక్కడే ఉన్న క్రిస్టాఫర్సన్‌కు చెప్పి పంపారు. ఆయన వెళ్లి భుజం మీద చెయ్యేసి, ఆ వెధవల వల్ల కుంగిపోవద్దన్నారు. ఆమె వాద్యాలు లేకుండా, గొంతెత్తి పాడి దిగారు. అదే మనిషి ‘వై మీ’ రాశారని గుర్తు పెట్టుకోండి. ఆమె పక్కన నిలబడటానికి ఆయన తన ప్రార్థనను వదులుకోవాల్సిన పని పడలేదు.

2009లో ఆమె గురించి ఆయన రాసిన పాట విడుదలైంది. ఆమెది పిచ్చేమో, కాదేమో, పికాసోదీ సాధుసంతులదీ కూడా పిచ్చే కదా అంటారందులో. ఐర్లండ్‌లో చర్చి నడిపిన సంస్థల్లో పిల్లలు పడ్డ నరకాన్ని విచారణ సంఘం నివేదిక బయటపెట్టిందీ ఆ ఏడాదే.