మూడు ఛానెళ్ల ఈసీజీ మెషిన్ రివ్యూ: గీత పిచ్చిగా వస్తే ఫిల్టర్ బటన్ జోలికి వెళ్లకండి

నమస్కారమండీ. టేబుల్ మీద ఉన్నది మూడు ఛానెళ్ల పోర్టబుల్ ఈసీజీ మెషిన్, అంటే గుండె కరెంటు గీతల్ని ఒకేసారి మూడు చొప్పున కాగితం మీద గీసేది. 80 మిల్లీమీటర్ల థర్మల్ పేపర్ రోలు, లోపల బ్యాటరీ, పది తీగల పేషెంట్ కేబుల్, కాళ్లకీ చేతులకీ నాలుగు క్లాంపులు, ఛాతీకి ఆరు రబ్బరు బల్బులు. చిన్న క్లినిక్కుల్లో, నర్సింగ్ హోముల్లో, ల్యాబుల్లో ఎక్కువగా కనబడే రకం ఇదే. కంపెనీ పేరు చెప్పట్లేదు. ఈ తరగతి మెషిన్లు పని చేసే తీరు ఇంచుమించు ఒకటే. తేడా కొట్టేది కేబుల్లో, ఎలక్ట్రోడ్లలో, వాటిని పెట్టే చేతిలో.

ముందు స్పెసిఫికేషన్ షీట్. అందులో రంగు స్క్రీన్, టచ్, వైఫై అని పెద్దక్షరాల్లో ఉన్నవన్నీ పక్కన పెట్టి రెండు అంకెలు వెతకండి. ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ (ఎంత నెమ్మది నుంచి ఎంత వేగం దాకా మార్పుల్ని మెషిన్ పట్టగలదో) 0.05 నుంచి 150 హెర్ట్జ్ దాకా ఉండాలి. శాంప్లింగ్ (సిగ్నల్‌ని ఎన్నిసార్లు కొలుస్తుందో) సెకనుకి కనీసం 500 ఉండాలి. ఇంకోటి, డీఫిబ్రిలేటర్ ప్రొటెక్షన్ (గుండెకి షాక్ ఇచ్చేటప్పుడు మెషిన్ పాడవకుండా ఉండే రక్షణ) ఎక్కడుందో అడగండి. చాలా మెషిన్లలో దానికి కావలసిన రెసిస్టర్లు కేబుల్లోనే ఉంటాయి. కేబుల్ తెగిందని చవక డూప్లికేట్ తగిలిస్తే ఆ రక్షణ పోయినట్టే.

ఆన్ చేశాం. మొదట చూడాల్సింది కాలిబ్రేషన్ గుర్తు. పేపర్ వేగం సెకనుకి 25 మిల్లీమీటర్లు, 1 మిల్లీవోల్ట్‌కి 10 మిల్లీమీటర్ల ఎత్తు. అంటే ఆ చతురస్రపు గుర్తు సరిగ్గా పది చిన్న గడులు ఎక్కాలి, మూలలు పదునుగా ఉండాలి. కొన్ని మెషిన్లు ఆటో గెయిన్ (గీత ఎత్తుని మెషినే మార్చుకునే సెట్టింగ్) పెడితే పెద్ద కాంప్లెక్సులు (గుండె ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు పడే ముళ్లు) చూసి వాటంతటవే సగానికి, 5 మిల్లీమీటర్లకి దిగిపోతాయి. గుర్తు చూడకుండా చదివితే గుండె గోడ మందం పెరిగిన పేషెంట్ గీత కూడా మామూలుగానే కనబడుతుంది. అందుకే ఆటో గెయిన్ ఆపేసి వాడండి.

కేబుల్ రంగుల దగ్గరికొద్దాం. మన దగ్గర ఎక్కువగా దొరికేది యూరప్ పద్ధతి: ఎరుపు కుడి చెయ్యి, పసుపు ఎడమ చెయ్యి, ఆకుపచ్చ ఎడమ కాలు, నలుపు కుడి కాలు. అమెరికా పద్ధతి కేబుల్లో తెలుపు కుడి చెయ్యి, నలుపు ఎడమ చెయ్యి, ఎరుపు ఎడమ కాలు, ఆకుపచ్చ కుడి కాలు. ఒకే ఆసుపత్రిలో రెండు రకాలూ ఉంటే గందరగోళమే. రంగు చూసి కాదు, తీగ మీద అచ్చేసిన అక్షరం చూసి తగిలించండి.

ఇప్పుడు అసలు పని, చర్మం. కొబ్బరి నూనె, పౌడర్, చెమట, ఈ మూడూ గీతని పాడుచేసేవే. స్పిరిట్ దూదితో తుడిచి, ఆరనిచ్చి, పొడి గాజుగుడ్డతో నాలుగైదుసార్లు గట్టిగా రుద్దండి. పైన ఉండే చచ్చిన చర్మం పొర లేవాలి. వెంట్రుకలు దట్టంగా ఉంటే ఆ చోటు వరకు గీయాల్సిందే, ఒకరికి వాడిన బ్లేడు ఇంకొకరికి వద్దు. గాజులు, పట్టీలు తీయించాల్సిన పని లేదు, క్లాంపుకి తగలకుండా జరిపితే చాలు. మంగళసూత్రం గొలుసు మాత్రం ఛాతీ ఎలక్ట్రోడ్ల మీద పడుతుంది, భుజం వైపుకి తీసి పెట్టమనండి. ఆడవాళ్లకి తీసేటప్పుడు పక్కన ఒక ఆడమనిషి, పైన కప్పడానికి దుప్పటి ఉండాలి.

జెల్లు విషయంలో మన ఊళ్లలో జరిగే పెద్ద పొరపాటు, స్కానింగ్‌కి వాడే అల్ట్రాసౌండ్ జెల్లు రాయడం. చూడ్డానికి ఒకేలా ఉంటుంది గానీ ఈసీజీ జెల్లులో ఉన్నంత ఉప్పు అందులో ఉండదు, కరెంటు సరిగ్గా పారదు. ఈసీజీ జెల్లు అయిపోతే సెలైన్‌లో తడిపిన చిన్న దూది ముక్క నయం.

ఇదిగో, క్లోజప్‌లో చూడండి. ఛాతీ మీది ఆరు బల్బులకి వీ1 నుంచి వీ6 అని పేర్లు; ఇక్కడ వీ1 నుంచి వీ3 దాకా జెల్లు ఒకటే పట్టీలా పూసేశారు. మూడు బల్బులూ ఆ జెల్లు ద్వారా కలిసిపోయాయి. స్ట్రిప్‌లో వీ1, వీ2, వీ3 మూడూ ఒకే అచ్చులో వచ్చాయి. మెషిన్ చెడిపోలేదు, జెల్లు షార్ట్ చేసింది. బల్బు కప్పు అంత చుక్క, మధ్యలో పొడి చర్మం. అంతే.

ఛాతీ మీద చోట్లు కంటితో అంచనా వేయకండి, వేలితో లెక్కపెట్టండి. గొంతు కింద గుంత నుంచి వేలు కిందికి జరిపితే రొమ్ము ఎముక మీద ఒక గట్టు తగులుతుంది. దాని పక్కనుండేది రెండో పక్కటెముక, దాని కింద రెండో సందు. ఇంకో రెండు సందులు దిగితే నాలుగోది. ఎముకకి కుడి అంచున వీ1, ఎడమ అంచున వీ2. తర్వాత వీ3 కాదు, వీ4 పెట్టండి: ఐదో సందులో, కాలర్ బోన్ సగం నుంచి నిలువుగా గీసిన గీత మీద. ఆ తర్వాత వీ2, వీ4 నడిమధ్య వీ3. వీ4 ఎత్తులోనే అడ్డంగా వెళ్లి చంక ముందు మడత గీత మీద వీ5, చంక నడిమి గీత మీద వీ6. సందు పైకి వంగుతుంది కదా అని దాని వెంట ఎక్కకండి. ఆడవాళ్లకి వీ4 నుంచి మామూలుగా రొమ్ము కిందే పెడతారు.

మన దగ్గర ఎక్కువగా తప్పేది వీ1, వీ2. రెండో మూడో సందులో పెట్టేస్తారు. అప్పుడు వీ1లో పీ తరంగం (పెద్ద ముల్లుకి ముందొచ్చే చిన్న గుట్ట) తలకిందులవుతుంది, ఆర్ (పైకి లేచే ముల్లు) ఎత్తు తగ్గుతుంది. ముందు భాగంలో పాత హార్ట్ ఎటాక్ ఉందేమోనని రిపోర్టులో పడుతుంది, ఆ కుటుంబం ఎకో (గుండె స్కానింగ్) కోసం పరుగెడుతుంది.

పేషెంటుని వెల్లకిలా పడుకోబెట్టి కొన్ని నిమిషాలు వదిలేయండి. మంచం ఇరుకైతే చేతులు జారిపోతూ కండరం బిగుసుకుంటుంది. అరచేతులు తొడల కింద పెట్టుకుని చేతులు వదులుగా ఉంచమనండి. కాళ్లు ఇనుప మంచం కమ్మీకి తగలకూడదు. ఏసీ గదిలో చలికి వణికితే దుప్పటి కప్పండి. "ఊపిరి మామూలుగా తీసుకోండమ్మా, మాట్లాడొద్దు" అంటే చాలు. ఇక స్టార్ట్ నొక్కొచ్చు.

గీత పాడైతే ముందు అది ఏ రకమో చూడండి. ఈ స్ట్రిప్‌లో గీత లావుగా, రంపపు పళ్లలా ఉంది. దగ్గరగా చూస్తే ప్రతి చిన్న గడికీ సరిగ్గా రెండు పళ్లు, పెద్ద గడికి పది. అంటే సెకనుకి 50, మన మెయిన్స్ కరెంటు. మెషిన్ ప్లగ్ పీకి బ్యాటరీ మీద తీయండి. పళ్లు మాయమైతే ఎర్తింగ్ సమస్య. మూడు పిన్నుల ప్లగ్‌ని రెండు పిన్నుల అడాప్టర్‌లో గుచ్చారేమో చూడండి. పోకపోతే తలగడ కింద ఛార్జింగ్‌లో ఉన్న ఫోను, మంచం పక్కన వైరు, లేదా కుడి కాలి తీగ సరిగ్గా పట్టకపోవడం.

పళ్లు ఒక లెక్క లేకుండా గజిబిజిగా ఉంటే అది కండరం. గీత మొత్తం పైకీ కిందకీ తేలుతుంటే ఊపిరి, ఎండిన జెల్లు, లేదా వదులైన బల్బు. ఏ తీగో కనుక్కోవడం సులువు. లీడ్ అంటే ఎలక్ట్రోడ్ల మధ్య తేడా కొలిచి మెషిన్ గీసే ఒక్కో గీత: ఒకటి, రెండు లీడ్లు పాడై మూడోది బాగుంటే తప్పు కుడి చేతిది. ఒకటి, మూడు పాడైతే ఎడమ చేతిది. రెండు, మూడు పాడైతే ఎడమ కాలిది. మొదటి లీడ్ తలకిందులై, మామూలుగా కిందికుండే ఏవీఆర్ (కుడి చేతి వైపు నుంచి చూసే లీడ్) పైకి లేస్తే చేతుల తీగలు మారాయేమో చూడండి. రెండో లీడ్ దాదాపు చదునుగా వస్తే కుడి చెయ్యి, కుడి కాలు మారాయి.

ఫిల్టర్ బటన్ సంగతి. ఈ మెషిన్లో మజిల్ ఫిల్టర్ 25, 35 హెర్ట్జ్ అని రెండున్నాయి. నొక్కగానే గీత నున్నగా, ముద్దుగా అవుతుంది. అక్కడే మోసం. ఇప్పుడు ఈ రెండు స్ట్రిప్పులు పక్కపక్కన పెట్టండి. ఫిల్టర్ వేసినదాంట్లో ఆర్ పొట్టిదైంది, చిన్న క్యూ (ఆర్‌కి ముందు కిందికి దిగే గీత) కరిగిపోయింది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లలో ఆ సన్నని స్పైక్ అసలు కనబడకపోవచ్చు. బేస్‌లైన్ ఫిల్టర్ (గీత పైకీ కిందకీ తేలకుండా ఆపేది) 0.5 హెర్ట్జ్‌లో పెడితే ఎస్‌టీ సెగ్మెంట్ (పెద్ద ముల్లుకీ దాని తర్వాతి టీ తరంగానికీ మధ్య భాగం) వంగే ప్రమాదం ఉంది. ఛాతీ నొప్పితో వచ్చిన మనిషిలో మనం చూడాల్సింది సరిగ్గా ఆ ఎస్‌టీనే. 50 హెర్ట్జ్ ఫిల్టర్ ఉంచుకోవచ్చు. మజిల్ ఫిల్టర్ మాత్రం చర్మం మళ్లీ రుద్ది, దుప్పటి కప్పి, అన్నీ అయ్యాకే, అదీ వణుకుడు జబ్బు ఉన్నవాళ్లకే. అప్పుడు కూడా ఫిల్టర్ వేశామని స్ట్రిప్ మీద రాయండి. వణుకున్నవాళ్లకి క్లాంపు మణికట్టు నుంచి పైచేతికి జరిపితే కొంత తగ్గుతుంది, ఆ సంగతీ రాయాలి.

స్ట్రిప్ కింద మెషిన్ తనంతట తానే అచ్చేసే ఇంటర్‌ప్రిటేషన్‌కి (జబ్బు ఇదీ అనే అంచనాకి) మా దగ్గర మార్కులు తక్కువ. వణుకుని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పే జబ్బు) అంటుంది, పెద్ద టీ తరంగాన్ని ఇంకో బీట్‌గా లెక్కేసి రేటు రెట్టింపు చేస్తుంది. రేటు మీరే చూసుకోండి: పది సెకన్ల స్ట్రిప్‌లో కాంప్లెక్సులు లెక్కపెట్టి ఆరుతో గుణించండి.

ప్రింట్‌లో పేపర్ పొడవునా ఒక తెల్లటి సన్న చార వస్తే ప్రింట్ హెడ్ మీద మురికి. మెషిన్ ఆపి, హెడ్ చల్లారాక, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ముంచిన బడ్‌తో తుడవండి. అప్పటికీ పోకపోతే హెడ్‌లో ఒక చుక్క కాలిపోయినట్టు. థర్మల్ పేపర్ మీద శానిటైజర్ చెయ్యి పెట్టకండి, ప్లాస్టిక్ కవర్లో నెలల తరబడి ఉంచినా, ఎండ తగిలినా వెలిసిపోతుంది. పేరు, వయసు, టైము రాసి, వెంటనే జిరాక్స్ గానీ ఫోటో గానీ తీసి ఫైల్లో పెట్టండి.

కొనొచ్చా అంటే, క్లినిక్కుకి, ఇంటికెళ్లి తీసే పనికి ఇది సరిపోతుంది. ఎమర్జెన్సీ గది ఉన్నచోట పన్నెండు ఛానెళ్లది తీసుకోండి. దీంట్లో లీడ్లు మూడేసి చొప్పున వంతులవారీగా వస్తాయి. రెండో లీడ్‌లో కనబడ్డ తేడా బీట్ అదే క్షణంలో వీ1లో ఎలా ఉందో చూడ్డం కుదరదు. బల్బులకి కూడా మేం ఓటు వెయ్యం. గట్టిగా నొక్కితే ముసలివాళ్ల చర్మం కమిలిపోతుంది, లోపలి జెల్లు కడగకుండా తర్వాతి మనిషికి పెడితే ఇన్ఫెక్షన్. ఖర్చు భరించగలిగితే అతికించే డిస్పోజబుల్ ఎలక్ట్రోడ్లు, వాటికి సరిపడే క్లిప్పులు తీసుకోండి, ప్యాకెట్ విప్పాక ఎండిపోతాయి గనుక మూతి బిగించి ఉంచండి.

డెమో ఇచ్చేవాళ్లని ప్లగ్ పీకి, మజిల్ ఫిల్టర్ ఆపి, ఒక మనిషి మీద పూర్తి స్ట్రిప్ తీసి చూపించమనండి. స్పేర్ కేబుల్ ధర, పేపర్ రోలు ధర అప్పుడే కొటేషన్‌లో రాయించుకోండి.