తిరుపతి నుంచి బెంగళూరుకు సైకిల్: హాస్పిస్ కోసం విరాళాల యాత్ర ఎలా చెయ్యాలి?

[తెర మీద: తెల్లవారుజామున చంద్రగిరి దగ్గర హైవే, ఇద్దరు సైకిలిస్టులు]

విరాళాల కోసం సైకిల్ మీద బెంగళూరు దాకా పోతానని తిరుపతిలో చెప్పి చూడండి. మొదటి ప్రశ్న "ఏమన్నా, మొక్కుబడా?" రెండోది "హాస్పిస్ అంటే ఏంది?" మొదటిదానికి నవ్వి ఊరుకోవచ్చు. రెండోదానికి జవాబు సిద్ధంగా లేకపోతే ఎంత తొక్కినా రూపాయి రాలదు. అందుకే ముందు అదే మాట్లాడుకుందాం, సైకిల్ సంగతి తర్వాత.

జబ్బు ఇక నయం కాదని తేలిన మనిషిని ఇంటికి పంపించి చేతులు దులుపుకోకుండా చివరిదాకా చూసుకునే సేవ హాస్పిస్. నొప్పి, ఆయాసం, వాంతులు, మంచాన పడితే వచ్చే పుండ్లు, రాత్రంతా పక్కన కూర్చున్న భార్యకో కొడుక్కో పట్టే దిగులు, అన్నీ దాని పనే. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ మొదలుపెట్టిన సిసిలీ సాండర్స్ నర్సుగా, సామాజిక కార్యకర్తగా పనిచేసి, ఆ తర్వాత డాక్టరైన మనిషి. నొప్పి ఒంటికే కాదు, మనసుకూ ఇంటికీ ఉంటుందని ఆమె గట్టిగా చెప్పింది. మన దేశంలో మొదటి హాస్పిస్ 1986లో ముంబైలో వచ్చిన శాంతి అవేదన సదన్.

[తెర మీద: మందుల అరలో మాత్రల సీసా]

"ఎట్లాగూ పోయే ప్రాణానికి డబ్బెందుకు?" అని మొహం మీదే అడుగుతారు. కోపం తెచ్చుకోకండి, ఆ అనుమానం చాలామందికి ఉంది. క్యాన్సర్ ముదిరాక వచ్చే నొప్పికి మార్ఫిన్ పాత మందే, ఖరీదూ తక్కువే. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద లైసెన్సుల తలనొప్పి ఎక్కువై చాలా ఆసుపత్రులు దాన్ని నిల్వ పెట్టడమే మానేశాయి. 2014లో చట్టం సవరించి దారి సులువు చేశారు. ఇప్పటికీ అది వాడటంలో శిక్షణ పొందిన డాక్టర్లు, ఇంటికొచ్చి చూసే నర్సులు తక్కువ. ప్రపంచం మొత్తం మీద ఇలాంటి సేవ కావలసినవాళ్లలో దాదాపు 14 శాతం మందికే అది అందుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మీరు అడిగే విరాళం ఆ నర్సు జీతానికి, ఆమె తిరిగే బండికి, గాలి పరుపుకు, డ్రెస్సింగ్ సామానుకు పోతుంది. ఈ మాట చెప్తే వినేవాళ్లు వింటారు.

ఇక డబ్బు. మన ఇళ్లలో కొండకు ముడుపు కడతారు కదా. ఎంత అవసరమొచ్చినా ఆ గుడ్డ విప్పి బస్సు టికెట్టుకు వాడరు. విరాళమూ అంతే. లాడ్జి, భోజనం, టైర్లు, టీ షర్టులు మీ జేబులోంచే పెట్టుకోవాలి. "సేకరించిన దాంట్లోంచి ఖర్చులు తీసుకుంటాం" అనే బృందంతో నేనైతే వెళ్లను. డబ్బు మీ ఫోన్‌పేకి రానివ్వకండి. సంస్థ ఖాతా వివరాలే పంపండి, రసీదు వాళ్లే ఇస్తారు. విరాళం ఇచ్చినవాళ్లకు ఆదాయపు పన్నులో దొరికే 80జీ మినహాయింపు గురించి నిజం చెప్పండి: 2,000 రూపాయలు దాటిన నగదుకు అది వర్తించదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు అసలే లేదు. అమెరికాలో ఉన్న బంధువు ఇస్తానంటే ఏ పాస్‌పోర్టో అడగండి. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇచ్చేది విదేశీ విరాళం కిందకొస్తుంది, దాన్ని తీసుకోవాలంటే సంస్థకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి ఉండాలి.

[తెర మీద: పటం. తిరుపతి, పూతలపట్టు, చిత్తూరు, పలమనేరు, కోలారు, బెంగళూరు]

బెంగళూరే ఎందుకంటే, అక్కడ రోగుల దగ్గర పైసా తీసుకోకుండా నడిచే కరుణాశ్రయ అనే హాస్పిస్ ఉంది. మీరు ఇంకో సంస్థను ఎంచుకున్నా పర్వాలేదు, ముందుగా వెళ్లి మాట్లాడి రండి. దూరం సుమారు 250 కిలోమీటర్లు. బ్రెవే అనే, గడువు పెట్టుకుని చేసే దూరపు సైకిల్ యాత్రల్లో 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో తొక్కేవాళ్లున్నారు. ఆ టెన్షన్ మనకొద్దు, మూడు రోజులు పెట్టుకోండి: చిత్తూరు, కోలారు, బెంగళూరు.

రెండో రోజే అసలు పరీక్ష. తిరుపతి దాదాపు 160 మీటర్ల ఎత్తున ఉంటుంది, చిత్తూరు 330, పలమనేరు 680. బంగారుపాళెం దాటాక మొగిలి ఘాట్ ఎక్కాలి. బెంగళూరు నుంచి ఇటు వస్తే దిగుడే కదా అంటారు. బ్రేకులు వేడెక్కిన లారీలతో కలిసి ఆ ఘాట్ దిగడం కంటే చిన్న గేరులో ఊపిరి బిగబట్టి ఎక్కడమే నయం. కుడివైపు లేన్ జోలికి పోకండి, వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలగాలి.

కాలం చూసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ మాడ్చేస్తుంది. జూన్, జూలైలో తోతాపురి కాయల ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు రోడ్డు అంచుదాకా బారులు తీరుతాయి. అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాల వానలు. జనవరి, ఫిబ్రవరి మేలు, కాకపోతే పలమనేరు వైపు తెల్లవారుజామున మంచు కమ్ముకుంటుంది, వెలుగొచ్చాకే కదలండి.

[తెర మీద: శ్రీకాళహస్తి రోడ్డు]

సాధనకు శ్రీకాళహస్తి పోయి వస్తే సుమారు 75 కిలోమీటర్లు. శనివారం తొక్కి ఆదివారం మళ్లీ తొక్కండి. నొప్పి పుట్టిన ఒళ్లుతో సీటెక్కడం ఎలా ఉంటుందో అప్పుడే తెలుస్తుంది. ఎక్కుడు అలవాటు కావాలంటే పీలేరు దారిలో భాకరాపేట ఘాట్ ఉంది, పొద్దున్నే, తోడుతోనే వెళ్లండి. పెడల్ కిందికి వచ్చినప్పుడు మడమ ఆనిస్తే కాలు నిటారుగా ఉండాలి, సీటు ఎత్తుకు అదే లెక్క. మెత్త ఉన్న సైక్లింగ్ నిక్కరు లోపల ఇంకేమీ వేసుకోకండి, ఒరిసిపోతుంది. గంటకు రెండు అరటిపళ్లు, లేదంటే వేరుశనగ చిక్కీ. సంగటి, ఊరిబిండి సాయంత్రం దిగాక, కడుపారా.

బెంగళూరులో హోస్కోట నుంచి లోపలికి ట్రాఫిక్ విసిగిస్తుంది, ఆదివారం పొద్దున చేరేలా చూసుకోండి. హాస్పిస్ గేటు దగ్గర డప్పులూ బ్యానర్లూ వద్దు. లోపల ఫోన్ జేబులోనే ఉంచండి, ఏ రోగి మొహమూ మీ వీడియోలో రాకూడదు. ఎవరెవరు ఎంత ఇచ్చారో జాబితాను సంస్థ లెక్కతో సరిచూసి, రసీదు రానివాళ్ల పేర్లు అక్కడి ఆఫీసులో రాయించి రండి.