బో హంటింగ్ వీడియోలు చూసి విల్లు నేర్చుకుంటున్నారా? ముందు మీ డ్రా లెంగ్త్ (తాడు లాగే దూరం) కొలుచుకోండి

హాయ్ అండీ, అందరికీ నమస్తే, విజయవాడ నుంచి. సౌండ్ బాగానే వస్తుందనుకుంటున్నా, ఫ్యాన్ కూడా ఆపేశా. ఈ రోజు ఏంటంటే, కొత్తగా కాంపౌండ్ బో, అదే కొసల్లో చక్రాలుండే విల్లు, కొనుక్కున్న మనవాళ్ళలో చాలామంది అమెరికా వేటగాళ్ళ వీడియోలు చూసి నేర్చుకుంటున్నారు కదా, నేనూ అట్లాగే మొదలెట్టా. వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది, నిజంగా చాలా ఉంది. కాకపోతే అందులో మనం ఏది తీస్కోవాలి, ఏది వదిలేయాలి, అసలు వాళ్ళని ఎట్లా అడగాలి, ఇవి తెలీక నాకు ఎనిమిది నెలలు వేస్ట్ అయిపోయాయి. మీకు అట్లా అవ్వకూడదని ఈ వీడియో చేస్తున్నా.

దానికంటే ముందు ఒక్క విషయం. మన దేశంలో వేట లేదండీ. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. జింకే కాదు, కుందేల్ని కొట్టినా కేసే. పల్నాడు వైపు నుంచి కొందరు అన్నలు అడుగుతుంటారు, మిరప తోటలో అడవి పందులు పడి తొక్కేస్తున్నాయి, విల్లుతో కొట్టొచ్చా అని. కొట్టకూడదు అన్నా. ఫారెస్ట్ ఆఫీసుకెళ్ళి అర్జీ పెట్టుకోండి, వాళ్ళు చెప్పినట్టు చేయండి. అమెరికాలో ఉన్న మనవాళ్ళది వేరే లెక్క, అక్కడ లైసెన్సు, సీజను, అన్నీ ఉంటాయి. మా బావ టెక్సాస్‌లో ఉంటాడు, అక్కడ 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాల్సిందే, ఆయన ఆ కోర్సు చేశాకే విల్లు పట్టుకుని వెళ్ళాడు. మనకి ఇక్కడ టార్గెట్టే. ఈ వీడియో మొత్తం టార్గెట్ గురించే.

మరి టార్గెట్ కొట్టేవాళ్ళకి వేటగాళ్ళతో పనేంటి అంటారా. కాంపౌండ్ బోనే వేట వైపు నుంచి వచ్చిందండీ. మిస్సోరీలో అలెన్ అని ఒకాయన 1966లో పేటెంట్‌కి అప్లై చేశాడు, ఇదిగో ఈ చక్రాలు, ఈ కేబుళ్ళు, అంతా అక్కడ మొదలైంది. ఇంకా వెనక్కెళ్తే 1911లో కాలిఫోర్నియాలో ఇషి అనే ఆయన, తన యాహీ తెగలో చివరికి మిగిలిన మనిషి, ఆకలితో ఊళ్ళోకొచ్చాడు. తర్వాత అక్కడ యూనివర్సిటీలో సాక్స్‌టన్ పోప్ అనే డాక్టరు ఆయన పక్కన కూర్చుని విల్లు చెయ్యడం, బాణం వెయ్యడం నేర్చుకున్నాడు. ఇషి 1916లో చనిపోయాడు. అమెరికాలో ఇప్పటి బో హంటింగ్‌కి వేర్లు చాలావరకు అక్కడే ఉన్నాయి. తెలిసినవాడి పక్కన తెలీనివాడు కూర్చోడం, అంతే. ఇప్పుడు మనం ఫోన్ పట్టుకుని కూర్చుంటున్నాం.

మన ఊళ్ళో అయితే ఇది కొత్త సంగతి కూడా కాదు. ఇంద్రకీలాద్రి మీద అర్జునుడు తపస్సు చేస్తుంటే శివుడు వేటగాడి వేషంలో వచ్చాడని, ఒకే పందికి ఇద్దరూ బాణం వేశారని, నాదంటే నాదని కొట్టుకున్నారని మా నాయనమ్మ చెప్పేది. చివరికి ఆ వేటగాడి దగ్గరే పాశుపతం తీసుకున్నాడు కదా.

సరే, స్క్రీన్ మీదకొద్దాం. ఇదిగో యూట్యూబ్ ఓపెన్ చేశా. వేట వీడియోలు కాదండీ మనకి కావాల్సింది, జంతువు పడిపోయేవి చూస్తూ కూర్చుంటే షాట్ రాదు. ఇదిగో ఇట్లా వెతకండి, డ్రా లెంగ్త్, బ్లాంక్ బేల్ అంటే గుర్తు లేని టార్గెట్ మీద దగ్గర్నుంచి వెయ్యడం, బ్యాక్ టెన్షన్ అంటే వీపు కండరాలతో లాగి వదలడం, పేపర్ ట్యూనింగ్ అంటే కాగితంలోంచి బాణం వేసి ఆ చిరుగు చూసి విల్లు సరిచెయ్యడం. ఈ నాలుగూ చాలు ఆరు నెలలకి. ఇందులో మనిషి పక్క నుంచి, మొత్తం కనపడేలా తీసిన వీడియో ఉంటుంది చూడండి, అది పట్టుకోండి. ఇదిగో ఇది. ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో చూస్తుంటే పాజ్ కొట్టి, కీబోర్డులో ఫుల్‌స్టాప్ నొక్కండి, ఒక్కో ఫ్రేమ్ ముందుకెళ్తుంది. కామా నొక్కితే వెనక్కొస్తుంది. చూడండి, చూడండి, రిలీజ్ అయింది, ఇదిగో ఈ ఫ్రేములో చెయ్యి వెనక్కెళ్ళింది, విల్లు ముందుకి దొర్లింది. మామూలు స్పీడులో ఇది మీకు కనపడదు. నేనైతే మౌస్ ముట్టుకోనే ముట్టుకోను, ఈ రెండు కీలతోనే ఒక్కో షాట్ ముప్పై సార్లు చూస్తా. ఫోన్‌లో అయితే స్పీడు 0.25 పెట్టేసుకోండి.

సేఫ్టీ గబగబా చెప్పేస్తా, మీకు తెలిసే ఉంటుంది. బాణం లేకుండా లాగి వదలకూడదు, లిమ్‌లు, అంటే విల్లు రెక్కలు, పగిలిపోతాయి, కేబుల్ తెగి మొహానికి తగులుద్ది. కార్బన్ బాణం ప్రతిసారీ ఇట్లా వంచి, చెవి దగ్గర పెట్టుకుని వినాలి, చిట్ మన్నా, పీచు లేచినా పారేయండి. మేడ మీద వెయ్యకూడదు. ఎన్నిసార్లు చెప్పినా సరిపోదు ఇది, మేడ మీద వెయ్యకూడదండీ, చుట్టూ ఇళ్ళు. నేను నున్న దగ్గర మా బాబాయి మామిడి తోటలో వేస్తా, వెనకాల మట్టికట్ట ఉంది, అటు మనుషులు రారు.

టార్గెట్ కొనక్కర్లేదు. ఇది వేటగాళ్ళ దగ్గర నేర్చుకున్నదే, గోతాంలో పాత బట్టలు కుక్కేస్తారు వాళ్ళు. మనకి గోతాలకి కొదవా, గుంటూరు యార్డు నుంచి మిర్చి టిక్కీ గోతాం ఒకటి తెచ్చుకోండి. తెచ్చాక రెండుసార్లు ఉతకండి. నేను ఉతక్కుండా వాడా, ప్రతి బాణానికీ ఘాటు లేచి తుమ్ములే తుమ్ములు, కళ్ళు మండి పీప్‌లోంచి, అదే స్ట్రింగ్‌లో గురి చూసే చిన్న కన్నంలోంచి, ఏమీ కనపడలేదు. పాత చీరలు, లుంగీలు కుక్కండి, గట్టిగా, ఇట్లా మోకాలితో తొక్కి కుక్కాలి. గుండీలు, జిప్పులు, హుక్కులు అన్నీ కత్తిరించేయండి, లేకపోతే బాణం ముక్కు పోద్ది. అయిపోయింది.

ఇప్పుడు అసలు విషయం. డ్రా లెంగ్త్. ఇక్కడ కొంచెం నిదానంగా వెళ్దాం.

నేను చూసే వీడియోల్లో ఒక పెద్దాయన, ముప్పై నలభై ఏళ్ళ అనుభవం, విల్లు డ్రా లెంగ్త్ 29 అంగుళాలు, లాగే బరువు 70 పౌండ్లు పెట్టుకున్నాడు. నేను వెళ్ళి షాపులో 29 పెట్టండి అన్నా, పెట్టేశారు, నన్ను కొలిచినవాళ్ళు లేరు. ఆయన ఆరడుగుల పైన ఉంటాడు, నేను 5 అడుగుల 6 అంగుళాలు. ఏమైంది? స్ట్రింగ్ వచ్చి ముంజేతికి కొట్టేది. ఇదిగో ఈ ఫోటో అప్పటిదే, చూడండి, మోచెయ్యి కింద ఎంత నల్లగా కమిలిపోయిందో. బాణాలన్నీ ఎడమకి. నేను సైటు, అదే విల్లు మీద గురి చూసేది, జరుపుతా, మళ్ళీ ఎడమకి. ఆర్మ్ గార్డ్ కొన్నా, స్ట్రింగ్ పట్టి వదిలే కొత్త రిలీజ్ కొన్నా, బాణాలు మార్చా. వెనక భుజం నొప్పి, రాత్రి ఆ పక్కకి పడుకోలేకపోయేవాణ్ణి.

చివరికి ఒక గ్రూపులో అడిగా, నా బాణాలు ఎడమకి పోతున్నాయి, ఏ సైటు కొనాలి అని. ఒక వేటగాడు, ఆయన పేరు కూడా నాకు తెలీదు, సైటు గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. ఫుల్ డ్రాలో, అంటే పూర్తిగా లాగి పట్టుకుని ఉన్న ఫోటో పక్క నుంచి తీసి పెట్టు అన్నాడు. పెట్టా. ఇదిగో అదే ఫోటో. నేను చూసినప్పుడు నాకు బాగానే ఉన్నట్టుంది. ఆయన దాని మీద మూడు గీతలు గీసి పంపాడు. ఒకటి, నడుము వెనక్కి వాలిపోయింది. రెండు, స్ట్రింగ్ నోటి మూలన ఉండాలి, నాది చెవి కిందకెళ్ళిపోయింది, దాన్ని అందుకోడానికి తల వెనక్కి వంచా. మూడు, వెనక మోచెయ్యి బాణం గీత దాటి వీపు వెనక్కి పోయింది. రెండున్నర అంగుళాలు ఎక్కువుంది నీకు అన్నాడు. ఫోటో చూసి చెప్పాడండీ. తర్వాత కొలిస్తే అంతే వచ్చింది.

కొలుద్దాం రండి. గోడకి వీపు ఆనించి నిలబడండి, చేతులు రెండు పక్కలకీ చాపండి. సాగదీయొద్దు, మామూలుగా. ఇక్కడ ఒక చిక్కుంది, ఇంట్లో ఉండే టైలర్ టేపు 60 అంగుళాలే ఉంటుంది, మన చేతులు దానికంటే పొడవు. అందుకని ఎవర్నైనా పిలిచి, ఈ నడిమి వేలి కొస దగ్గర ఒక పెన్సిల్ గీత, ఆ నడిమి వేలి కొస దగ్గర ఒక గీత పెట్టించుకోండి, మీరు పక్కకి జరిగాక గోడ మీద నిదానంగా రెండు విడతల్లో కొలవండి. వడ్రంగి టేపు ఉంటే ఈ గొడవే లేదు. నాది 66 న్నర. దాన్ని రెండున్నరతో భాగించండి. 26.6 వచ్చింది, అంటే 26 న్నర దగ్గర మొదలెట్టాలి. నేను 29 లో ఎనిమిది నెలలు వేశా.

ఇది మొదలెట్టడానికేనండీ, ఇదే ఫైనల్ కాదు. అక్కణ్ణుంచి అర అంగుళం అటూ ఇటూ ఫోటో తీసుకుని చూస్కోవాలి. మార్చడం ఎట్లా అంటే, ఇదిగో కామ్, అంటే ఈ చక్రం మీద ఈ చిన్న ముక్క, మాడ్యూల్ అంటారు, ఈ స్క్రూలు అలెన్ కీతో వదులు చేసి తిప్పి మళ్ళీ బిగించడమే. రెండు కామ్‌లకీ మాడ్యూల్ ఉంటే రెండూ ఒకే నంబరు మీద ఉండాలి. కొన్ని విల్లులకి ప్రెస్, అంటే విల్లుని వంచి పట్టే యంత్రం, కావాలి, అట్లాంటివి ఇంట్లో ముట్టుకోవద్దు, తెలిసినవాళ్ళకివ్వండి. మార్చాక పీప్ ఎత్తు కూడా మారుద్ది, అది సరిచేయించుకోండి.

చూడండి ఇప్పుడు. లాగుతున్నా... ముక్కు కొస స్ట్రింగ్‌కి తగిలింది, నోటి మూల తగిలింది, తల కదల్లేదు, మోచెయ్యి బాణం వెనకే ఉంది. చెయ్యి కమలదు ఇంక.

ఇంక లాగే బరువు సంగతి. 70 మనకెందుకండీ, పోటీల్లో కాంపౌండ్‌కి 60 పౌండ్లు దాటకూడదు, 50 మీటర్లలో 72 బాణాలు వెయ్యాలి. 40 తో మొదలెట్టండి. వేటగాళ్ళ పరీక్ష ఒకటుంది, నాకు చాలా ఇష్టం. కుర్చీలో కూర్చోండి, విల్లు టార్గెట్ వైపు నేరుగా చాపి, అక్కణ్ణుంచే లాగండి. ఆకాశం వైపు ఎత్తి లాగాల్సొస్తే బరువు ఎక్కువైనట్టే, తగ్గించేయండి. వాళ్ళు చలిలో గంటలకొద్దీ కదలకుండా కూర్చుని ఒక్కసారి లాగాలి, విల్లు పైకెత్తితే జింక చూసేస్తుంది, అందుకే ఆ పరీక్ష పుట్టింది. మన భుజాలకీ అదే మంచిది.

వదిలేయాల్సినవి కూడా చెప్తా. బ్రాడ్‌హెడ్లు, అంటే వేటకి వాడే బ్లేడు ముక్కులు, మనకి వద్దు. బరువు బాణాలు, చప్పుడు రాకుండా రబ్బర్లు, అవి కూడా వద్దు. వాళ్ళకి చప్పుడంటే ఎందుకంత భయమంటే, సౌండ్ సెకనుకి 1,100 అడుగులు పోతుంది, బాణం 280 పోతుంది అనుకోండి, 20 గజాల్లో బాణం చేరేలోపే చప్పుడు చేరిపోయి జింక కిందకి వంగుతుంది. గోతాం వంగదు కదా. 20 గజాలంటే మన 18 మీటర్లు, అది గుర్తుపెట్టుకోండి, వాళ్ళ వీడియోల్లో అంతా గజాలే.

అడిగేటప్పుడు ఎట్లా అడగాలంటే, ఏది కొనాలి అని అడక్కండి. ఫోన్‌ని భుజం ఎత్తులో పెట్టి పక్క నుంచి ఒక ఫోటో, వెనక నుంచి ఒకటి, ఒక స్లోమోషన్ వీడియో. కింద డ్రా లెంగ్త్, బరువు, బాణం పొడవు, స్పైన్ అంటే బాణం ఎంత బిగువో చెప్పే నంబరు, ముక్కు బరువు ఎన్ని గ్రెయిన్లు, ఇంతే రాయండి. ఒక్క ప్రశ్న. మన సాయంత్రం ఆరు ఏడుకి పెడితే వాళ్ళకి పొద్దున్న, కాఫీ తాగుతూ చూస్తారు. అక్టోబర్, నవంబర్‌లో మాత్రం వాళ్ళంతా అడవుల్లో ఉంటారు, రిప్లై రాకపోతే బాధపడొద్దు. మే, జూన్‌లో అడిగితే ఎంత ఓపిగ్గా చెప్తారో.

ఇంకా మన ఊళ్ళో కోచ్‌లున్నారు, వాళ్ళ దగ్గరకీ వెళ్ళండి. హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో 2023లో కాంపౌండ్‌లో మూడు బంగారు పతకాలు తెచ్చిన జ్యోతి సురేఖ మన విజయవాడ అమ్మాయే, పారిస్ ఒలింపిక్స్‌లో మిక్స్‌డ్ టీమ్‌లో నాలుగో స్థానం దాకా వెళ్ళిన ధీరజ్ కూడా మనవాడే. ఫోటోలో కనపడనిది కోచ్ చేత్తో పట్టుకుని చూపిస్తాడు.

చివరిది, ఇది వేటగాళ్ళ దగ్గర తీసుకున్నవాటిలో నాకు బాగా ఉపయోగపడింది. వార్మప్ లేకుండా, రోజులో మొదటి బాణం ఒక్కటి. ఒక్కటే. వాళ్ళకి అడవిలో రెండోది దొరకదు, అందుకని రోజూ ఇంట్లోంచి బయటికొచ్చి ఒక్క బాణం వేసి, ఎక్కడ పడిందో రాసుకుంటారు. నేను ఈ లాంగ్ నోట్‌బుక్‌లో రాస్తున్నా, ఇదిగో, తేదీ, ఎన్ని అంగుళాలు, ఏ పక్కకి. ఈ పేజీ మొత్తం ఎడమ, ఎడమ, ఎడమ, ఇక్కడ 26 న్నర పెట్టించా, ఇక్కణ్ణుంచి చూడండి ఎట్లా మారిందో.

ఈ రోజుది ఇంకా వెయ్యలేదు, మీ ముందే వేస్తా. 18 మీటర్లు. ఫోన్ ఇక్కడ పెడుతున్నా, కొంచెం మౌనంగా ఉంటా.

...

పడింది. రండి చూద్దాం. అంగుళంన్నర కిందకి, పక్కకి పోలేదు. రాసుకుంటున్నా. మీరు గోడ మీద గీత పెట్టుకున్నాక మీ నంబరు ఎంతొచ్చిందో కింద చెప్పండి, ఇప్పుడు విల్లు మీద ఎంతుందో అది కూడా రాయండి. ఉంటానండీ.