ఎర్రబడ్డ కంటికి స్టెతస్కోప్ ఎందుకు?

అందరికీ నమస్కారం. కంటి డాక్టరు మెడలో స్టెతస్కోప్ మీరెప్పుడూ చూసి ఉండరు. నా సొరుగులో మాత్రం ఒకటి ఉంటుంది. ఏడాదికి రెండు మూడుసార్లు తీస్తానేమో.

అలా తీసిన ఒక రోజు సంగతి చెప్తాను. అరవై దాటిన ఒకావిడ వచ్చారు. రెండు నెలలుగా ఎడమ కన్ను ఎర్రగా ఉంది. కండ్లకలక అని మూడు రకాల చుక్కలు వేశారు, తగ్గలేదు. చూస్తే పుసి లేదు, దురద లేదు. తెల్లగుడ్డు మీద రక్తనాళాలు మెలికలు తిరిగి నల్లగుడ్డు అంచుదాకా పాకాయి. కన్ను కాస్త ముందుకొచ్చింది. “చెవిలో ఏమైనా చప్పుడు వినిపిస్తోందా అమ్మా?” అన్నాను. “రాత్రుళ్లు హోరండీ. చెబితే మావాళ్లు వయసు అన్నారు” అంది. కన్ను మూయించి రెప్ప మీద స్టెతస్కోప్ పెట్టాను. నాడి కొట్టుకున్నప్పుడల్లా హుష్, హుష్.

కంటి వెనక, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథికి రెండు పక్కలా కావెర్నస్ సైనస్ అనే సిరల గది ఉంటుంది. మెదడుకు వెళ్లే కెరోటిడ్ ధమని ఆ గది మధ్యలోంచే పోతుంది. శరీరంలో ధమని సిర కడుపులోంచి దూరిపోయే చోటు ఇదొక్కటే. ఆ ధమని గోడకు చిల్లు పడితే దాని జోరంతా సిరలోకి వచ్చేస్తుంది. దీన్నే కెరోటిడ్-కావెర్నస్ ఫిస్టులా అంటాం. కంటి నుంచి దిగాల్సిన రక్తం వెనక్కి తన్నుతుంది. ఎరుపు, ఉబ్బు, కంటి ప్రెషర్ అన్నీ అందుకే. కన్నును బయటివైపు తిప్పే నరం (మెదడు నుంచి వచ్చే నరాల్లో ఆరోది) కూడా ఆ గదిలోదే, అది నలిగితే ఒకటి రెండుగా కనిపిస్తుంది.

తలకు దెబ్బ తగిలి నేరుగా పడే చిల్లు ఉధృతంగా ఉంటుంది, రోజుల్లోనే చూపు పోవచ్చు. మెదడు పొర ధమనుల చిన్న కొమ్మలు వచ్చి కలిసే రకం నెమ్మది. బీపీ ఉన్న పెద్దవయసు ఆడవాళ్లలో ఎక్కువ. మోసం చేసేది ఇదే. థైరాయిడ్ జబ్బు వల్ల కన్ను ఉబ్బిందనుకుని నెలలు గడిపేస్తారు.

స్కాన్‌లో కంటి పైసిర ఉబ్బి కనిపిస్తే అనుమానం బలపడుతుంది. తేల్చి చెప్పేది డీఎస్‌ఏ యాంజియోగ్రామ్, అంటే రక్తనాళాల్లోకి మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే. రక్తం మెదడు సిరల్లోకి ఎదురెక్కుతోందా అన్నది అక్కడే తెలుస్తుంది. ఎక్కుతుంటే ఇక ఆగకూడదు, మెదడులో రక్తస్రావం కావచ్చు.

ఇలాంటి కంటికి 1809లో లండన్‌లో బెంజమిన్ ట్రావర్స్ అనే సర్జన్ ఏకంగా మెడలో ధమనినే కట్టేశాడు. ఇప్పుడు గజ్జల్లోంచి సన్నని గొట్టం పంపి, సిరల దారిన ఆ గదికి చేరి, ప్లాటినం కాయిల్స్‌తో, అంటే సన్నని తీగచుట్టలతో పూడుస్తాం. నెమ్మది రకం కొన్నిసార్లు దానంతటదే మూసుకుంటుంది. కొందరికి మెడలో ధమనిని కాసేపు నొక్కుకోమంటాం, అదీ ఎదురు పక్క చేత్తో. మెదడుకు రక్తం చాలకపోతే ముందు పట్టు తప్పేది ఆ చెయ్యే, దానంతటదే జారిపోతుంది. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి! అయినా డాక్టరు మెడ పరీక్షించి నేర్పితే తప్ప ఎవరూ ప్రయత్నించకండి.

ఆవిడకు కాయిల్సే పెట్టాల్సి వచ్చింది. మర్నాడు వెళ్తే కన్ను ఇంకా ఎర్రగానే ఉంది, దానికి వారాలు పడుతుంది. నేను అడిగేలోపే ఆవిడే అంది: “రాత్రి గడియారం టిక్‌టిక్ వినబడిందండీ.”